పదహారు బైట్లలో జనగామ

తెలుగు వికీపీడియాలో జనగామ జిల్లా పేజీ తెరిస్తే ఓ పక్కన సమాచారపెట్టె కనిపిస్తుంది. ముఖ్యపట్టణం, విస్తీర్ణం, జనాభా, అక్షాంశ రేఖాంశాలు అందులో వరుసగా ఉంటాయి. మహబూబాబాద్ పేజీలోనూ, జయశంకర్ భూపాలపల్లి పేజీలోనూ అంతే. మూడూ 2016 అక్టోబరు 11న పుట్టిన జిల్లాలు. పేజీని కొత్తగా కూర్చాల్సి వచ్చిన ప్రతిసారీ వికీపీడియా సర్వర్లో లువా అనే చిన్న భాష ఇంటర్‌ప్రెటర్ నడిచి, ఆ పెట్టెను వరుస వరుసగా అల్లుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఈ సౌకర్యం దాదాపు పదేళ్ల తర్వాత, 2013లో, స్క్రిబుంటో అనే పొడిగింపుతో వచ్చింది. అప్పటినుంచి మన ఊళ్ల పేర్లూ లెక్కలూ లువా చేతుల మీదుగానే మన కంటికి చేరుతున్నాయి.

జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పని బాగా తెలిసినవాళ్లు ముందువైపు బొమ్మను చూసి ఊరుకోరు. రేకును వెనక్కి తిప్పుతారు, సుత్తి దెబ్బ ఎక్కడ ఎంత లోతుగా పడిందో అక్కడే తెలుస్తుంది. ఈ వ్యాసంలో లువాను అలా వెనక్కి తిప్పి చూద్దాం. అందులోనూ ఒకే ఒక్క చోట: ఒక విలువ ఏ టైపుదో, అంటే ఏ రకానిదో, ఆ ఇంటర్‌ప్రెటర్ ఎలా గుర్తుపెట్టుకుంటుంది? నాకు తెలిసినంతలో సాఫ్ట్‌వేర్‌లో ఇంత తక్కువ చోటులో ఇంత ఎక్కువ ఆలోచన ఇమిడిన చోట్లు అరుదు.

సమస్య ఏమిటంటే, మెమొరీకి టైపు తెలియదు. అక్కడ ఉండేవి ఉత్త బిట్లు. 64 బిట్ల గడిలో 1.0 అనే దశాంశ సంఖ్యను రాసిపెట్టి, అదే గడిని పూర్ణాంకంగా చదివితే 4607182418800017408 అని వస్తుంది. గడిలో ఏమీ మారలేదు, చదివిన తీరు మారిందంతే. సీ లాంటి భాషలో ఈ తీరును ప్రోగ్రామర్ ముందే ప్రకటిస్తాడు. ఈ పేరు పూర్ణాంకానిది, ఆ పేరు దశాంశానిది అని రాసేస్తే కంపైలర్ దాన్నిబట్టి కోడ్ తయారుచేస్తుంది, నడిచేటప్పుడు మళ్లీ అడగాల్సిన పని లేదు. లువాలో అలాంటి ప్రకటన లేదు. ‘విస్తీర్ణం’ అని ఒక వేరియబుల్ పెట్టుకుంటే అందులో ఇప్పుడు సంఖ్య ఉండొచ్చు, తర్వాత ‘తెలియదు’ అనే మాట ఉండొచ్చు, ఇంకాసేపటికి ఏమీ లేకపోవచ్చు. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లాగా విడిపోయాక భూపాలపల్లి విస్తీర్ణం మారింది కదా, ఆ సవరణ జరిగే మధ్యకాలంలో ఏ పేజీలోనైనా ఈ మూడు దశలూ రావచ్చు. అంటే టైపు పేరును అంటిపెట్టుకుని ఉండదు, విలువతోపాటు నడుస్తుంది. ఎలా నడవాలన్నదే పనితనం.

రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో 1993లో లువాను తయారుచేసిన ముగ్గురు, రొబెర్తో ఇయెరుసాలిమ్‌స్కీ, లూయిస్ హెన్రికె ద ఫిగెరెదొ, వాల్దెమార్ సెలెస్, దీనికి ఎంచుకున్న దారి చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. ప్రతి విలువకూ రెండు భాగాలు. మొదటిది 8 బైట్ల గడి. సంఖ్య అయితే సంఖ్యే అందులో కూర్చుంటుంది, నిజం-అబద్ధం అయితే 1 గానీ 0 గానీ, మాటో టేబులో ఫంక్షనో అయితే అది మెమొరీలో ఉన్న చోటు చిరునామా. రకాలు వేరైనా గడి ఒకటే, ఒక్కొక్కరు ఒక్కో వేళకు వాడుకుంటారు. రెండో భాగం దాని పక్కనే కూర్చునే చిన్న పూర్ణాంకం, ట్యాగు. గడిని ఎలా చదవాలో అది చెబుతుంది. లువా మూలంలో ఈ జంట పేరు టీవాల్యూ. స్టాకులో, టేబుళ్లలో, ఫంక్షన్లకు అందించే విలువల్లో, ఎక్కడ చూసినా ఇదే జంట.

ట్యాగుల అంకెలు ఎలా వేశారో చూడండి. వికీపీడియా వాడేది లువా 5.1, 2006 నాటిది. అందులో ‘ఏమీ లేదు’ అనే నిల్‌కు 0, నిజం-అబద్ధాలకు 1, బయటి ప్రోగ్రాం ఇచ్చే ఉత్త చిరునామాకు 2, సంఖ్యకు 3. ఆ పైన స్ట్రింగుకు 4, టేబుల్‌కు 5, ఫంక్షన్‌కు 6, బయటి ప్రోగ్రాం తెచ్చిపెట్టే పెద్ద వస్తువుకు 7, కోరొటీన్లను నడిపే థ్రెడ్‌కు 8. వరుసగా ఉన్నాయిలే అనుకుని దాటిపోవచ్చు, కానీ 3కూ 4కూ మధ్య ఒక గీత ఉంది. గీతకు ఇవతల ఉన్నవన్నీ గడిలోనే పూర్తిగా ఇమిడిపోయేవి. అవతల ఉన్నవన్నీ మెమొరీలో వేరే చోట ఉండి, పని అయిపోయాక చెత్త సేకర్త వచ్చి ఎత్తివేయాల్సినవి. చెత్త సేకర్తకు ప్రతి విలువ దగ్గరా పుట్టే ప్రశ్న ఒక్కటే: దీని వెంట నేను వెళ్లాలా, వద్దా? తొమ్మిది రకాలను ఒక్కొక్కటిగా పోల్చి చూడక్కర్లేదు. ట్యాగు 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే వెళ్లాలి. ఒక్క పోలిక. అంకెలు వేసేటప్పుడే ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని వేశారు. లక్షల సార్లు జరిగే పరీక్ష ఒక్క సూచనతో తేలిపోవడం వెనక ఉన్నది ఈ వరుసే.

8 దాటాక కూడా కొన్ని ట్యాగులున్నాయి, ప్రోగ్రామర్ కంటికి ఎప్పుడూ కనబడనివి. వాటిలో 11 నాకు చాలా ఇష్టం. టేబుల్లో ఒక తాళానికి, అంటే కీకి, ఎదురుగా ఉన్న విలువను నిల్ చేసేస్తే ఆ జత పోయినట్టే లెక్క. అయితే అదే సమయంలో ఎవరో ఆ టేబుల్‌ను ఒక్కో జత చొప్పున చదువుకుంటూ పోతుండవచ్చు. మధ్యలో మెట్టు మాయమైతే తర్వాతి మెట్టు ఏదో వాళ్లకు తెలియదు. అందుకని తాళాన్ని చెరిపేయకుండా ‘చనిపోయిన తాళం’ అనే 11వ ట్యాగు వేసి ఉంచుతారు. దాని వస్తువును చెత్త సేకర్త తీసుకుపోవచ్చు, దాని స్థానం మాత్రం నడిచేవాడికి దారి చూపడానికి మిగులుతుంది. ట్యాగు అంటే రకం పేరు మాత్రమే అనుకుంటే ఈ ఆలోచన రాదు.

ఇక మన పేర్ల సంగతి. ‘జనగామ’ కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఐదు సంకేతాలు, ఎందుకంటే ‘గా’లోని దీర్ఘం విడిగా లెక్క. లువాకు మాత్రం అది 15 బైట్ల వరుస. తెలుగు సంకేతం ఏదైనా యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, అక్షరాన్ని పట్టించేది దాదాపుగా మూడోదే. ‘జ’ అంటే 224, 176, 156. లువాకు ఇది ఏ భాషో తెలియదు, తెలుసుకోవాలన్న ప్రయత్నమూ చేయదు. స్ట్రింగు ట్యాగు వేసి, పొడవు రాసుకుని, బైట్లను ఉన్నవి ఉన్నట్టు దాస్తుంది. అందువల్ల లువా రచయితలు తెలుగు కోసం ఒక్క వరుస కూడా రాయకపోయినా జనగామ పేరు చెక్కుచెదరకుండా ఆ చివరనుంచి ఈ చివరకు వస్తుంది. పొడవు అడిగితే 15 అంటుంది, అదొక్కటే ఇబ్బంది. దానికి వికీపీడియా వాళ్లు పక్కన ఒక లైబ్రరీ పెట్టారు, దాన్నడిగితే 5 అని చెబుతుంది. నాలుగు అని చెప్పేది మన కన్నే.

5.1లో స్ట్రింగులకు ఇంకో నియమం ఉంది: ఒకే బైట్ల వరుస మెమొరీలో ఒక్కసారే ఉండాలి. ‘జనగామ’ ఒక పేజీలో వందసార్లు వచ్చినా అసలు మాట ఒక్కటే, వంద టీవాల్యూల గడుల్లోనూ దాని చిరునామాయే. ఈ నియమంతో స్ట్రింగుల సమానత్వం చూడ్డం చాలా చవకైపోయింది. బైటు బైటునూ పోల్చే అవసరం లేదు, ట్యాగులు ఒకటేనా, చిరునామాలు ఒకటేనా అని చూస్తే చాలు. మన వైపు చాలామంది జనగాం అనే అంటారు, బోర్డుల మీద ఆ రాతా కనిపిస్తుంది. జనగామకూ జనగాంకూ 15 బైట్లలో తేడా ఒక్క చివరి బైటుదే, 174 ఉన్న చోట 130. లువాకు అవి రెండు వేర్వేరు చిరునామాలు, అంతటితో ఆ విషయం తెగిపోతుంది.

కొత్త మాట వచ్చినప్పుడు అది ముందే ఉందా అని వెతకాలి కదా. దానికి మాటనుంచి ఒక సంఖ్య తీసి, ఆ సంఖ్య చూపిన అరలో వెతుకుతారు. పొడవాటి మాటల్లో అన్ని బైట్లూ కలిపితే కాలం వృథా అని 5.1 మధ్యమధ్యలో కొన్నిటిని దాటేస్తుంది: పొడవును 32తో భాగించి, వచ్చిన దానికి 1 కలిపి, అంత అంగలో చివరినుంచి వెనక్కి నడుస్తుంది. ‘జనగామ జిల్లా’ 34 బైట్లు, ‘మహబూబాబాద్ జిల్లా’ 49 బైట్లు, రెండింటికీ అంగ 2. ‘జయశంకర్ భూపాలపల్లి జిల్లా’ 71 బైట్లు, అంగ 3. తెలుగు సంకేతం పొడవూ సరిగ్గా 3. ఇదెలా నడుస్తుందో కాగితం మీద గీసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చివరినుంచి మొదలైన నడక ‘జిల్లా’లోని ప్రతి సంకేతం మూడో బైటు మీదే, అంటే అర్థమున్న చోటే అడుగు వేస్తుంది. తర్వాతి అడుగు ఖాళీ మీద. ఒక బైటు జరగడంతో ఆపైన ‘భూపాలపల్లి’ అంతటా అడుగు పడేది మొదటి బైట్ల మీద, పదికి పదీ 224లే. ఇంకో ఖాళీ దాటాక ‘జయశంకర్’లో రెండో బైట్లు, 176, 177. అంటే ఆ సంఖ్య తీసే పనిలో భూపాలపల్లి అనే పేరు కంటబడనే లేదు!

ఆంగ్ల అక్షరాలకు సరిపోయిన ఒక అంచనా తెలుగు దగ్గర ఇలా తేలిపోయింది. పేరు తప్పుగా వస్తుందేమో అనే భయం మాత్రం అక్కర్లేదు. అర చేరాక పొడవులు సమానమా, బైట్లన్నీ సమానమా అని పూర్తిగా సరిచూసిన తర్వాతే ‘ఇది అదే’ అని ఒప్పుకుంటారు. పోతే కొంచెం వేగం పోతుంది, నిజం పోదు. వేగం కోసం చేసిన ఊహ ఎక్కడ తప్పినా ఫలితం తప్పకుండా చూసిన ఈ కట్టుబాటు వల్ల లువా మీద నాకు గౌరవం పెరిగింది.

ట్యాగు విలువ తెలియాలంటే మూసలు (టెంప్లేట్లు) రాసే వికీపీడియన్ల పని చూడాలి. సమాచారపెట్టెలో జనగామ పిన్ కోడ్ 506167 అని రాస్తే అది లువాకు సంఖ్యగా చేరదు. మూసనుంచి వచ్చేవన్నీ స్ట్రింగులే, కాబట్టి ట్యాగు 4. దానితో కూడిక చేస్తే లువా మర్యాదగా సంఖ్యగా మార్చి కూడుతుంది. కానీ 506167 అనే సంఖ్యతో సమానమా అని అడిగితే కాదంటుంది. ట్యాగులు 4, 3. గడుల దాకా వెళ్లే ముచ్చటే లేదు. నా ఉద్దేశంలో ఇది సరైన పట్టు. మహబూబాబాద్ పిన్ 506101, భూపాలపల్లిది 506169. వీటిని ఎవరూ కూడరు, సగటు తీయరు. అంకెలతో రాసినా అవి పేర్లే.

ఖాళీల విషయంలో కూడా ట్యాగులే తీర్పరులు. మూసలో ఒక వరుసను అసలు రాయకపోతే లువాకు నిల్ అందుతుంది, ట్యాగు 0. పేరు రాసి ఎదురుగా ఏమీ పెట్టకపోతే వచ్చేది సున్నా పొడవున్న స్ట్రింగు, ట్యాగు 4. లువా దృష్టిలో నిల్, అబద్ధం, ఈ రెండే ‘లేదు’ కింద లెక్క. ఖాళీ స్ట్రింగూ, సున్నా సంఖ్యా ‘ఉంది’ కిందికే వస్తాయి. కొత్తగా మాడ్యూళ్లు రాసేవాళ్లు దీన్ని గమనించకపోతే పెట్టెలో ఉత్త శీర్షిక ఒకటి వేలాడుతుంది. ‘తెలియదు’, ‘ఖాళీగా ఉంది’, ‘సున్నా’, ఈ మూడూ ఒకటి కావని జనాభా లెక్కలు రాసే ఏ గుమస్తా అయినా ఒప్పుకుంటాడు.

ఇదే సమస్యకు వేరే వాళ్లు కట్టిన వేరే ఇళ్లున్నాయి. పైథాన్‌లో ప్రతి విలువా మెమొరీలో విడిగా ఉండే వస్తువే. ప్రతి వస్తువు తలమీదా దాన్ని ఎంతమంది వాడుతున్నారన్న లెక్కకు 8 బైట్లు, టైపు వివరాల చిరునామాకు 8 బైట్లు. దశాంశ సంఖ్యకు మొత్తం 24 బైట్లు, 506167 లాంటి చిన్న పూర్ణాంకానికి 28. దీనివల్ల అన్నిటినీ ఒకే తీరుగా చూడొచ్చు, కొత్త టైపులు చేర్చడం తేలిక, పూర్ణాంకం ఎంత పెద్దదైనా పెరుగుతూ పోతుంది. దానికి మెమొరీతో ధర కడతాం. రూబీ దారి ఇంకోటి. చిరునామాలు ఎప్పుడూ సరిసంఖ్యలే కాబట్టి చివరి బిట్టు ఖాళీగా ఉంటుంది. పూర్ణాంకాన్ని రెండింతలు చేసి ఒకటి కలిపి ఆ బేసిసంఖ్యనే విలువగా వాడతారు. జనగామ పిన్ రూబీ కడుపులో 1012335. ఈ ఎత్తు పాతదే, స్మాల్‌టాక్-80 నాడే ఉంది.

అన్నిటికంటే సాహసమైనది దశాంశ సంఖ్యల్లో దాక్కునే పద్ధతి. 64 బిట్ల దశాంశ ప్రమాణంలో ‘ఇది సంఖ్య కాదు’ అని చెప్పడానికి కేటాయించిన రూపాలు తొమ్మిది వేల లక్షల కోట్లకు పైగా ఉన్నాయి. లెక్కలు చేసేటప్పుడు నిజంగా అవసరమయ్యేది ఒకటో రెండో. మిగిలిన వాటిలో 48 బిట్లకు మించని చిరునామానూ, ట్యాగునూ కలిపి దాచేయవచ్చు. అప్పుడు విలువ, టైపు రెండూ కలిసి 8 బైట్లు. మైక్ పాల్ రాసిన లువాజిట్ ఇలాగే నడుస్తుంది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోని జావాస్క్రిప్ట్ ఇంజిన్లూ ఇంతే. అబ్బురమనిపించే పని, సందేహం లేదు.

మరి లువా రచయితలు ఈ దారి ఎందుకు పట్టలేదు? ట్యాగు విడిగా పెడితే టీవాల్యూ నకలు చేసిన ప్రతిసారీ బరువవుతుందని వాళ్లకు తెలుసు. 2005లో ప్రచురించిన తమ వ్యాసంలో వాళ్లే ఆ మాట ఒప్పుకున్నారు. కారణం కూడా చెప్పారు: లువా ప్రామాణిక సీలో రాసి ఉండాలి, సీ కంపైలర్ ఉన్న ఏ యంత్రం మీదైనా మార్పు లేకుండా నడవాలి. చిరునామా చివర బిట్టు ఖాళీగా ఉంటుందని గానీ, చిరునామా 48 బిట్లు దాటదని గానీ సీ ప్రమాణం మాట ఇవ్వదు. 5.2లో పాత 32 బిట్ల యంత్రాలకోసం ‘సంఖ్య కాదు’ ఎత్తును ఐచ్ఛికంగా పెట్టి చూశారు, 5.3లో తీసేశారు. మాట ఇవ్వని దానిమీద ఆధారపడకూడదన్న ఈ నిగ్రహాన్ని నేను లువాజిట్ సాహసంకన్నా ఒక మెట్టు పైన పెడతాను. చిన్న పరికరాలనుంచి వికీపీడియా సర్వర్లదాకా ఒకే మూలం నడవడానికి అది పెద్ద కారణం.

నిగ్రహానికి ధర ఉంది. 8 బైట్ల గడి, 4 బైట్ల ట్యాగు కలిపితే 12 కావాలి. 64 బిట్ల యంత్రంలో తర్వాతి గడి 8 బైట్ల హద్దు మీద మొదలవ్వాలి కాబట్టి కంపైలర్ మరో 4 బైట్లు ఉత్తినే వదిలేస్తుంది. విలువకు 16 బైట్లు, అందులో నాలుగు ఎవరికీ చెందవు. టేబుల్లో ఒక తాళం, దాని విలువ, అదే అరకు చెందిన తర్వాతి జతకు దారి, ఈ మూడూ కలిసిన ముడికి 5.1లో 40 బైట్లు: విలువకు 16, తాళానికి 16, దారికి 8.

ఇక్కడ మొదలైన పొదుపు పద్నాలుగేళ్లు నడిచింది. 2015లో వచ్చిన 5.3లో ఆ దారిని చిరునామాగా కాక ‘ఇక్కడినుంచి ఇన్ని ముళ్ల అవతల’ అనే చిన్న పూర్ణాంకంగా మార్చారు. దానికి 4 బైట్లు చాలు. ఆ నాలుగింటిని తాళం ట్యాగు పక్కన ఉత్తినే పడి ఉన్న నాలుగు బైట్లలోనే కూర్చోబెట్టారు. ముడి 32 బైట్లయింది. 2020 నాటి 5.4లో ట్యాగుకు ఒక్క బైటు చాలన్నారు. విలువ గడి, విలువ ట్యాగు, తాళం ట్యాగు, దారి, తాళం గడి, ఈ క్రమంలో పేర్చారు. రెండు ట్యాగులూ దారీ కలిసి మధ్యలో ఒకే 8 బైట్లలో సర్దుకున్నాయి, ముడి 24 బైట్లకు దిగింది. దీనికోసం భాషలో ఒక్క మాట మారలేదు, ప్రోగ్రామర్‌కు ఏమీ తెలియలేదు, సీ ప్రమాణాన్ని ఎక్కడా దాటలేదు. అవే తాళాలు, అవే విలువలు, 40 ఉన్న చోట 24.

అదే 5.4లో నిజానికీ అబద్ధానికీ కూడా ట్యాగులు వేరుచేశారు, అబద్ధం 1, నిజం 17. దాంతో ఆ విలువలకు గడి చూడాల్సిన పనే లేకుండా పోయింది, ట్యాగే విలువ. 17 అంటే 16కు 1 కలిపినది. కింది నాలుగు బిట్లలో అసలు రకం, ఆ పైన ఉపరకం. చెత్త సేకర్త ప్రశ్నకు ఇంకా పైన ఒక బిట్టును, 64ను, 5.2లోనే విడిగా ఇచ్చారు. వెనకటి ‘4 గానీ అంతకంటే ఎక్కువ గానీ’ పరీక్ష స్థానంలో ఇప్పుడు ఒక బిట్టు వెలిగిందా అన్న పరీక్ష.

5.2.1నుంచి మాటల్లోనూ రెండు ఉపరకాలు కనిపిస్తాయి. 40 బైట్లలోపు పొట్టివి, దాటితే పొడుగువి. ఒక్కసారే ఉండాలన్న నియమం పొట్టివాటికే. జనగామ 15, మహబూబాబాద్ 30, భూపాలపల్లి 30, మూడూ పొట్టివే, ట్యాగు 68. భూపాలపల్లి ముందు జిల్లా పేరులోని జయశంకర్ సారు పేరు కలిపి రాస్తే 52 బైట్లు, పొడుగు, ట్యాగు 84. అదే పేరును ఆంగ్ల అక్షరాల్లో రాస్తే 40 లోపే సరిపోతుంది. వికీపీడియా మాత్రం ఇంకా 5.1 మీదే నడుస్తోంది కాబట్టి తెలుగు పేజీల్లో మన మూడు జిల్లాల పేర్లకూ ఒకటే ట్యాగు, 4. టేబుల్లో వాటి ముడి ఇప్పటికీ 40 బైట్లే.